పాలిష్ మిషన్‌కీ ఒక పరీక్ష

పోయినవారం బహారుమ్‌ని తెలుక్ ఇంతాన్ బజారులో, ఫూ పెయింట్ల కొట్టు గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. ఆయన అక్కడికెందుకొచ్చాడో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ ఊళ్లో డ్రైవింగ్ పరీక్షలు పెట్టి, సగం ఊరిని ఫెయిల్ చేసి, మార్చిలో రిటైరయ్యాడు. అప్పటినుంచి వరండాలో కుర్చీ వేసుకుని, వీధిలో ఎవరు బండి నిలిపినా "వెనక చక్రం జానెడు బయటికుంది" అని కేకేయడమే పని. భార్య కల్సోమ్ ఓపిక పట్టి పట్టి చివరికి, మొగుణ్ని పిలిచే పిలుపుతోనే, "బాంగ్, ఏదైనా పని చూసుకుంటారా, నన్ను మువార్‌లో మా అక్క దగ్గరికి పొమ్మంటారా?" అని అడిగింది. ఆయన కార్లకి మెరుగుపెట్టే పని ఎంచుకున్నాడు. పక్కింటి టీచరమ్మ నోర్లియా పెనాంగ్‌లో శిక్షణకి వెళుతూ తాళాలు కల్సోమ్ చేతికిచ్చింది. ఆ తాళాలు తీసుకుని, ఎవరూ అడక్కుండానే, టీచరమ్మ నల్ల మైవీ కారుని కడిగాడు. గిన్నెలు తోమే పచ్చపీచుతో కడిగాడు. తడి ఆరాక చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు. శనివారం పొద్దున టీచరమ్మ వస్తుంది. మధ్యాహ్నం అదే కారులో ఆవిడ తన కొడుకు నిశ్చితార్థానికి వెళ్లాలి. ఇవాళ గురువారం. ఆ గీతలు పోవాలంటే మిషన్ పెట్టి పాలిష్ పట్టాలి. ఊరు మొత్తానికి ఆ మిషన్ అమ్మేది ఒక్కటే కొట్టు. ఆ కొట్టు యజమానురాలు ఫూ యోక్ మూయిని బహారుమ్ ఆరుసార్లు ఫెయిల్ చేశాడు.

యోక్ మూయి గల్లాపెట్టె వెనకనుంచి లేవలేదు. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు దారానికి వేలాడుతున్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీడు ఐసు కాఫీ, అందులో స్ట్రా.

"రండి ఎన్‌చిక్. రెండో కాలు కూడా లోపలికి పెట్టండి. దారికడ్డంగా ఆపకూడదని మీరే కదా చెప్పింది."

బహారుమ్ రెండో కాలు లోపల పెట్టాడు. ఎన్‌చిక్ అంటే అయ్యగారు కదా, వీలైనంత హుందాగా పెట్టాడు.

"పాలిష్ మిషన్ కావాలి తౌకే" అన్నాడు, కొట్టు యజమానుల్ని పిలిచే మర్యాదతో.

"చెక్క బల్లలకా, గచ్చుకా?"

"కార్లకి."

ఆవిడ స్ట్రా నోట్లోంచి తీసింది. "ఎవరి కార్లకి?"

"అందరి కార్లకీ. వ్యాపారం పెడుతున్నాను."

ఆవిడ గోడవైపు చెయ్యి చూపించింది. అరమీద మూడు మిషన్లున్నాయి. ఏది కొనాలో బహారుమ్ ఇంటిదగ్గరే తేల్చుకొచ్చాడు. రెండు రాత్రులు ఫోనులో వీడియోలు చూశాడు. వాటిలో చేతులనిండా పచ్చబొట్లున్న ఒక కండలవాడు ఎర్రటి పెద్ద మిషన్ పట్టుకుని, తుప్పుపట్టిన కారుని అద్దంలా మార్చేశాడు. అచ్చం అలాంటిదే అరమీద మధ్యలో ఉంది. పక్కకి పొడుచుకొచ్చిన పిడితో, చంటిపిల్లంత బరువుతో.

"అదిగో, ఆ పెద్దది."

"అది రోటరీ. ఎన్నేళ్ల అనుభవం మీకు?"

"కార్లతో ముప్ఫై ఒక్క ఏళ్లు."

"కార్లతో కాదు, కార్లలో. ఎడమ సీట్లో కూర్చుని, అట్టమీద కాగితం పెట్టుకుని." ఆవిడ కాఫీ సంచి మేకుకి తగిలించింది. "కొత్తవాళ్లకి పరీక్ష పెట్టకుండా ఆ మిషన్ ఇవ్వను. మా కొట్టు పద్ధతి."

"ఎప్పటినుంచి?"

"మీరు గుమ్మంలో నిలబడినప్పటినుంచి."

బహారుమ్ వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. ఈపో వెళ్లి కొనుక్కోవచ్చు. కానీ వెళ్లిరావడానికే ఇవాళంతా పోతుంది, రేపు శుక్రవారం నమాజు, ఎల్లుండికల్లా టీచరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఆయన కదలకపోవడం చూసి యోక్ మూయి సొరుగు లాగింది. ఆరు పసుపు కాగితాలు తీసి, పేకముక్కలు పరిచినట్టు బల్లమీద పరిచింది. ఆరింటిమీదా ఆయన చేతిరాతే. వంకరలేని అక్షరాలు, కింద గట్టిగా కొట్టిన గీత. వాహనం అదుపులో లేదు. వాహనం అదుపులో లేదు. అద్దం చూడలేదు. వాహనం అదుపులో లేదు. తక్కినవి ఆయన చదవలేదు.

"పరీక్ష ఎక్కడ?" అన్నాడు.

కొట్టు వెనక పెరడు. రేకుల నీడలో రెండు పెయింటు డ్రమ్ములమీద పాత ఎర్ర కారు బానెట్ ఒకటి బోర్లించి ఉంది. ఎండకి వెలిసిపోయి, రంగు పాలిపోయి, పిల్లులు పడుకున్న గుర్తులతో. యోక్ మూయి దాన్ని కడిగి తుడిచింది. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఒళ్లో అట్ట, అట్టమీద కాగితం, చేతిలో పెన్సిలు. కళ్లద్దాలు ముక్కుమీదికి ఎక్కించుకుంది. ఆ వాలకం ఎక్కడిదో బహారుమ్‌కి బాగా తెలుసు. అది ఆయనదే.

"పేరు?"

"మీకు తెలుసు కదా."

"ప్రతిసారీ నన్ను అడిగేవారు."

"బహారుమ్ బిన్ సలేహ్."

"మొదలుపెట్టండి."

ఆయన ఎర్ర మిషన్‌కున్న స్పాంజి ప్యాడ్ మీద పాలిష్ మందు పోశాడు. వీడియోలో ఎంత పోశారో గుర్తులేక, తలకి నూనె రాసుకున్నంత ధారాళంగా పోశాడు. మిషన్ ఎత్తి, గాల్లో పట్టుకుని, మీట నొక్కాడు.

ఆ మందంతా ఒక్క క్షణంలో ప్యాడ్ వదిలేసింది. కొంత రేకులమీదికి, కొంత గోడమీదికి, ఎక్కువభాగం ఆయన తెల్లచొక్కామీదికి, మీసాలమీదికి వెళ్లింది. యోక్ మూయి ముందే స్టూలు గజం వెనక్కి జరుపుకుని ఉంది. కళ్లద్దాలమీద ఒక్క చుక్క పడితే చేతిగుడ్డతో తుడుచుకుని, రాసుకుంది.

"ఏం రాశారు?"

"పరీక్ష మధ్యలో మాట్లాడకూడదు."

ఆయన మిషన్‌ని బానెట్‌కి ఆనించాడు. అది వెంటనే కుడివైపు బయల్దేరింది. ఆయన ఎడమకి లాగాడు. అది ఆయనతో వాదించింది. కట్టు తెంచుకున్న గొడ్డుని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, ఒంటి బరువంతా దానిమీద మోపాడు. అప్పుడు కాస్త లొంగింది. లొంగిందనుకుని బానెట్ అంచుదాకా పోనిచ్చాడు. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. మీట వదిలేసి చూస్తే, అంచుమీద అరచేయంత మేర ఎర్రరంగు లేదు. అడుగునున్న బూడిదరంగు పూత బయటపడి, బోడిగుండులా మెరుస్తోంది.

యోక్ మూయి లేచి వచ్చి, ఆ మచ్చని చూపుడువేలితో తాకి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకుంది. కాగితం చింపి ఆయన చేతిలో పెట్టింది.

వాహనం అదుపులో లేదు. కింద గట్టిగా గీత.

"రెండు వారాల తర్వాత మళ్లీ రండి."

బహారుమ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నివేలమందికి అలాంటి కాగితాలిచ్చాడో లెక్కలేదు. అది చేతిలోకి వచ్చినప్పుడు చెవులు ఎలా వేడెక్కుతాయో మాత్రం ఆయనకి ఇవాళే తెలిసింది.

"రెండు వారాలు ఆగే వీల్లేదు తౌకే."

"నాకూ వీలుండేది కాదు. సరుకు ఆగేది కాదు కదా."

"శనివారంలోగా కావాలి." ఆయన గొంతు తగ్గించాడు. పెరట్లో వాళ్లిద్దరూ, గోడమీద ఒక పిల్లీ తప్ప ఎవరూ లేరు. అయినా తగ్గించాడు. "పక్కింటి టీచరమ్మ కారు పాడుచేశాను."

"ఎలా?"

"కడిగాను."

"కడిగితే పాడవదు."

"పచ్చపీచుతో కడిగాను."

"గిన్నెల పీచా?"

"కొత్తదే. ప్యాకెట్టు అప్పుడే విప్పాను."

ఆవిడ మళ్లీ స్టూలుమీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని బహారుమ్ వంగి చూశాడు. ఏడవడం లేదు. నవ్వి నవ్వి, కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకుని, మళ్లీ "కొత్తదే" అని గుర్తు చేసుకుని ఇంకో విడత నవ్వింది. ఆ నవ్వు అయ్యేసరికి ఆవిడ ముఖంలో పరీక్షాధికారి పోయి, కొట్టు యజమానురాలు వచ్చింది.

"ఏ రంగు కారు?"

"నలుపు."

"నలుపుమీద రోటరీ పట్టుకెళ్లేవారా? గీతలు పోయేవే, వాటి బదులు ఎండలో చూస్తే సుడులు సుడులుగా కనబడేవి. ఈ బోడిగుండు కూడా బానెట్‌మీద ఉండేది." ఆవిడ లోపలికెళ్లి, అరమీది చివరి మిషన్ తెచ్చింది. చిన్నది, నల్లది, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేనిది. "చెయ్యి చాపండి."

చాపాడు. ఆవిడ దాన్ని ఆయన చేతిలో పెట్టి, కాఫీ సంచి తెచ్చుకుని తాగడం మొదలుపెట్టింది. తాగుతూనే ఉంది. ఆయన చెయ్యి మొదట బిగుసుకుంది, తర్వాత వణికింది.

"ఏంటిది తౌకే?"

"బరువు చూస్తున్నాను. కొనేవాళ్లు అందరూ వేగం ఎంత, పవరు ఎంత అని అడుగుతారు. ఎంతసేపు మొయ్యాలో ఎవరూ అడగరు. మైవీ చిన్నదే అయినా రెండు పూటల పని. పెద్ద మిషన్ అయితే ఈపాటికి కింద పడేసేవారు. ఇక దించండి."

దించి చెయ్యి రుద్దుకున్నాడు.

"దీన్ని డీఏ అంటారు. రోటరీ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. వేడి అంతా ఒకేచోట పడుతుంది. ఇది తిరుగుతూ ఊగుతుంది. ఒక్కచోట నిలవదు, అందుకని కాల్చదు. పని నెమ్మది. తప్పు చేసినా మన్నిస్తుంది."

"మరి ఆ మూడోది? అదీ ఇలాగే ఉందే."

"అదీ డీఏనే. ఇంకా ఎక్కువ ఊగుతుంది. చదునుగా ఉన్న పెద్ద బండ్లమీద తొందరగా లాగించేస్తుంది. వంపు వచ్చిందంటే మొరాయిస్తుంది. మైవీకి ఎటు చూసినా వంపులే. మీకు ఇదే."

ఆవిడ మార్కరు తీసి, ప్యాడ్ అతికించే పలక అంచుమీద నల్లగా ఒక గీత గీసింది. ప్యాడ్ మీద మందు నాలుగు చుక్కలే వేసింది.

"ముందు బానెట్‌కి ఆనించి, తర్వాత మీట నొక్కండి. తిరిగేటప్పుడు ఈ గీత కనబడకూడదు. కనబడిందంటే మిషన్ ఊగుతోంది కానీ తిరగడం లేదన్నమాట."

"ఎందుకు తిరగదు?"

"నొక్కితే. మీరు నొక్కే మనిషి."

బహారుమ్ నొక్కే మనిషి కాదని నిరూపించడానికి చాలా తేలిగ్గా మొదలుపెట్టాడు. పది అంగుళాలు పోయేసరికి, మరక ఒకటి కదలకుండా కనబడింది. దాని సంగతి తేల్చాలని నొక్కాడు. మోత మారింది. చూస్తే నల్లగీత, గడియారం ముల్లులా, ఆయనకేసి చూస్తూ నిలబడి ఉంది.

"చూశారా. పోట్లాడదు, అరవదు. ఆగిపోతుంది. చెయ్యి తేలిక చేసేదాకా అలా ఆగే ఉంటుంది."

ఆయన చెయ్యి కొంచెం ఎత్తాడు. గీత చెరిగిపోయి, మిషన్ మళ్లీ తిరిగింది. ఆయనకెందుకో కల్సోమ్ గుర్తొచ్చింది. ఆవిడ కూడా అంతే. పోట్లాట పెట్టుకోదు. ఆయన గొంతు పెరిగిందంటే మాట ఆపేసి చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంటుంది. అది ఒప్పుకోవడమనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ సంగతి పైకి చెప్పలేదు కానీ, ఆ తర్వాత మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"తీగ భుజంమీదినుంచి వెనక్కి వేసుకోండి, బండిమీద రాసుకుంటుంది. నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. అత్తగారింటికి వెళుతున్నట్టు వెళ్లాలి. పోయిన వరసని సగం కప్పుతూ రెండో వరస. అంచుల దగ్గర కాగితం టేపు అంటించకుండా చెయ్యి పెట్టకండి, ఇంట్లో కూడా."

నాలుగు వరసలయ్యాక ఆవిడ మెత్తటి గుడ్డ ఇచ్చింది. బహారుమ్ తుడిచాడు. తుడిచినచోట, వెలిసిపోయిన ఎరుపు మధ్యలో, చదరపు కిటికీ తెరిచినట్టు ముదురెరుపు బయటపడింది. అందులో రేకులు కనిపించాయి, రేకుల సందులోంచి ఆకాశం కనిపించింది, మందు చుక్కలు ఎండిపోయిన మీసాలతో ఒక ముసలాయన కనిపించాడు. ఆ ముసలాయన నవ్వుతున్నాడు. మార్చి తర్వాత బహారుమ్ ఆ నవ్వు చూడడం ఇదే మొదటిసారి.

యోక్ మూయి కొత్త కాగితంమీద ఒక్క ముక్క రాసి ఇచ్చింది. పాస్.

బహారుమ్ దాన్ని రెండుసార్లు చదువుకుని, వేరే జేబులో పెట్టుకున్నాడు.

"ఇది చూపించడానికి పెట్టిన మిషన్. కొత్తది గోడౌన్‌లో ఉంది, లంగ్కాప్ రోడ్డులో. ప్యాడ్లు, మందు సీసాలు కూడా అక్కడే తీసుకోవచ్చు. పదండి, వ్యానులో పోయొద్దాం."

కొట్టు తలుపుకి గొళ్లెం పెట్టి ఆవిడ కుడివైపు ఎక్కింది. బహారుమ్ అలవాటు కొద్దీ ఎడమవైపు ఎక్కి, అలవాటు కొద్దీ బెల్టు లాగి చూసుకుని, అలవాటు కొద్దీ పక్కనున్న మనిషి నడపడం గమనించసాగాడు. అద్దం చూసింది. సిగ్నలు వేసింది. మలుపులో మోటారుసైకిల్‌కి దారి ఇచ్చింది. రెండు లారీల మధ్యనుంచి వ్యానుని వెనక్కి తీసి, ఒక్క తిప్పుతో బయటపెట్టింది. ఇంత చక్కగా నడిపే మనిషి ఈమధ్య తన పక్కన కూర్చోలేదనుకున్నాడు బహారుమ్. వంతెన దాటాక మెచ్చుకుందామని నోరు తెరిచాడు. మెచ్చుకోలు బదులు వేరే మాట వచ్చింది.

"ఆరుసార్లు నా దగ్గర తప్పారు కదా. ఏడోసారి ఎవరు పాస్ చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు."

"అంటే?"

"ఏడోసారి రాలేదు."

బహారుమ్ ముందు రోడ్డుకేసి చూశాడు, తర్వాత స్టీరింగు పట్టుకున్న ఆవిడ చేతులకేసి చూశాడు, తర్వాత రెండు చేతులతో బెల్టు పట్టుకున్నాడు.

"మీకు లైసెన్సు లేదా?"

"లేదు. పదకొండేళ్లుగా ఇలాగే."

"బండి ఆపండి."

"ఎక్కడ ఆపను? ఈ రోడ్డుమీద ఆపకూడదని బోర్డు ఉంది."

ఉంది. తాటికాయంత అక్షరాలతో ఉంది. అలాంటి బోర్డు కింద బండి ఆపించడం ఆయనవల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

"మా ఆయనకి చూపు తగ్గింది," అంది ఆవిడ, గేరు మారుస్తూ. "సరుకు తేవాలి, ఇవ్వాలి. మీ పక్కన కూర్చుంటే కాలు వణికేది. మీరు లేకపోతే వణకదు. అందుకని మీరు లేకుండా నడుపుతున్నాను. ఎవరికీ గీత పడలేదు ఇప్పటివరకు. అయినా ఆరోసారి కాలు వణకలేదు ఎన్‌చిక్. ఆరోసారి బాగానే నడిపాను."

"బాగా నడిపితే నేనెందుకు తప్పిస్తాను?"

"కూడలి దగ్గర అనవసరంగా ఆగింది అని రాశారు. ఉడుము దాటుతోంది."

"ఏమిటీ?"

"ఉడుము. ఇంత పొడుగుది. కాలువలోంచి వచ్చి రోడ్డు దాటుతోంది. అది దాటేదాకా ఆగాను. మీరు తల వంచుకుని రాసుకుంటున్నారు. చూడలేదు."

వ్యాను పామాయిలు తోటల పక్కనుంచి పోతోంది. బహారుమ్‌కి ఆ రోజు గుర్తుంది. కూడలి, ఖాళీ రోడ్డు, కదలని బండి, తన చిరాకు. ఉడుము గుర్తులేదు. చూడందే ఎలా గుర్తుంటుంది. తను ఒక్కరి దగ్గరా కానుక తీసుకోలేదు, ఒక్క కాగితంమీదా అబద్ధం రాయలేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ మాట పడక్కుర్చీలో కూర్చుని నెమరువేసుకునే కదా ఇన్ని నెలలూ గడిపాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా" అన్నాడు చివరికి.

"చెప్పాను. పరీక్ష మధ్యలో మాట్లాడకూడదన్నారు."

దానికి జవాబు వెతుక్కునే వ్యవధి ఆయనకి లేకపోయింది. ముందు మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో నారింజరంగు కోన్లు కనిపించాయి. వాటి వెనక జీపు, జీపు ముందు ఇద్దరు పోలీసులు. పెద్దవాడు చెయ్యి ఎత్తి, పక్కకి తీసి ఆపమని సైగ చేశాడు. యోక్ మూయి సిగ్నలు వేసి, గీత దాటకుండా, కుదుపు లేకుండా ఆపింది. ఆపడంలో ఏ తప్పూ లేదు.

"లైసెన్సు, తౌకే" అంటూ కిటికీలోకి వంగిన సార్జెంటు, ఎడమ సీట్లో మనిషిని చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. "ఎన్‌చిక్ బహారుమ్ కదూ? నేను నస్రుల్‌ని. మొదటిసారికే పాస్ చేశారు నన్ను. ఆ కాగితం మా అమ్మ అద్దం కట్టించింది." అంతలో ఆయన మీసాలు, చొక్కా చూసి, "ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"పరీక్ష రాసి వస్తున్నారు" అంది యోక్ మూయి, ముందుకే చూస్తూ.

సార్జెంటుకి అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాడు. యోక్ మూయి సంచీలో చెయ్యి పెట్టి, అక్కడ లేనిదాన్ని శ్రద్ధగా వెతకసాగింది. చిల్లర గలగలలాడింది. దువ్వెన బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లింది.

"పర్లేదు తౌకే, కంగారుపడకండి," అన్నాడు సార్జెంటు. "పక్కన ఈయన ఉండగా నాకు కార్డు చూడాల్సిన పనేముంది. ఎన్‌చిక్, ఈవిడకి పరీక్ష పెట్టింది మీరేగా?"

"నేనే" అన్నాడు బహారుమ్. అంతవరకు నిజమే.

"అయితే పాసయ్యారుగా?"

బహారుమ్ బెల్టుమీద చెయ్యి వేశాడు. అవునంటే ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటి అబద్ధం. కాదంటే వ్యాను ఇక్కడే ఆగిపోతుంది, మిషన్ గోడౌన్‌లోనే ఉంటుంది, శనివారం టీచరమ్మ వస్తుంది. దానికన్నా, కాదనడం కూడా నిజం కాదేమోనన్న అనుమానం ఆయన్ని ఎక్కువ పీడించింది. ఆయన బెల్టు విప్పాడు. వ్యాను దిగాడు. ముందునుంచి చుట్టూ నడిచివచ్చి, సార్జెంటుని సున్నితంగా పక్కకి జరిపి, డ్రైవరువైపు తలుపు తెరిచాడు.

"దిగండి తౌకే," అన్నాడు. "సార్జెంటుకి జరిగిందంతా నేనే చెబుతాను."

యోక్ మూయి దిగలేదు. ఆయనవైపు తల తిప్పలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉండడంతో ఆవిడ కుడికాలు బహారుమ్‌కి స్పష్టంగా కనిపించింది. అది వణకడం లేదు.

బ్రేకుమీద కూడా లేదు. పక్కనున్న యాక్సిలరేటరుమీద ఉంది.